అందరూ ఒకేసారి తలుపు తడితే: మన సంఘాల సైట్లు ఎందుకు పడిపోతాయి?

పదో తరగతి పిల్లలు ఆ ఏడాది తమిళం పరీక్ష రాయాలా, అక్కర్లేదా అన్నది తేలిన సాయంత్రమే మా సంఘం సైటు పడిపోయింది.

తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. మిగతా రాష్ట్రాల వారి కోసం రెండు మాటలు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. మాతృభాష వేరే ఉన్న పిల్లల తరఫున కోర్టుకు వెళ్లి మినహాయింపు అడగడం, పరీక్షలు దగ్గర పడ్డాక ఏదో ఒక మాట రావడం, దాని కోసం మా హోసూరు వైపు తెలుగు ఇళ్లు ఎదురుచూడడం మాకు అలవాటైపోయింది. ఆ సాయంత్రం ఉత్తర్వు సారాంశం, అది ఏ పిల్లలకు వర్తిస్తుంది, బడిలో ఏం కాగితం ఇవ్వాలి అనే మూడు విషయాలు తేలిక తెలుగులో రాసి సైటులో పెట్టాం. లింకు వాట్సాప్ గ్రూపుల్లో వేశాం. పది నిమిషాలు తిరక్కుండానే సైటు తెరుచుకోవడం మానేసింది.

రాత్రి పదకొండు దాకా ఫోన్లే ఫోన్లు. ఈలోగా "మినహాయింపు లేదు, అందరూ రాయాల్సిందే" అని ఎవరో పెట్టిన సందేశం ఊరంతా తిరిగింది. మా సైటు తెరుచుకుని ఉంటే ఆ తప్పుడు మాటకు అంత దూరం కాళ్లు వచ్చేవి కావు. ఒక తండ్రి ఆ రాత్రే పిల్లవాడికి తమిళం ట్యూషను మాట్లాడేశాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మిగతా సంఘాల కార్యదర్శులకు పనికొస్తుందని, మేము నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెబుతున్నాం. మేము ఇంజినీర్లం కాము. గుమాస్తా బుర్రకు ఎంత అర్థమైందో అంతే రాస్తున్నాం.

మరుసటి ఆదివారం కార్యవర్గం కూర్చుంది. హోస్టింగు ఇచ్చినవాళ్లు పెద్ద ప్లానుకు మారమన్నారు. అంటే ఏటా కట్టేది మూడింతలు. సగం మంది కట్టేద్దామన్నారు, సగం మంది ఆ డబ్బుతో పిల్లలకు తెలుగు వాచకాలు కొనవచ్చన్నారు. మా సభ్యుల్లో ఒకరి అమ్మాయి బెంగళూరులో ఇదే రంగంలో పనిచేస్తుంది. ఆమెను ఫోనులో అడిగాం. "మామయ్యా, పెద్ద మిషను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇప్పుడున్న మిషను చేసిన పనే ఎన్నిసార్లు చేస్తోందో చూడండి" అంది. ఆ ఒక్క మాటతోనే మాకు దారి కనబడింది.

మా సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. మాకు తెలిసిన నాలుగైదు సంఘాలవీ అంతే. బీ2 అనే పాత సాఫ్ట్‌వేరును తీసుకుని 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు దాన్ని మొదలుపెట్టారు. ఉచితంగా దొరుకుతుంది, తెలుగు బాగానే చూపిస్తుంది. పాఠకుడు లింకు నొక్కగానే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా కథ సులువు.

తాలూకా ఆఫీసులో పనిచేసిన రోజుల్లో అడంగల్ నకలు కోసం రైతు వస్తే ఏం జరిగేది? గుమాస్తా లేచి రికార్డు రూముకు వెళ్తాడు, ఒక రిజిస్టరులో సర్వే నంబరు చూస్తాడు, ఇంకొక దానిలో పేరు చూస్తాడు, వచ్చి కూర్చుని నకలు రాస్తాడు, ముద్ర వేసి ఇస్తాడు. సర్వరులో ఈ గుమాస్తా పేరు పీహెచ్‌పీ. రికార్డు రూము పేరు మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. ఒక పేజీ తయారు కావడానికి శీర్షిక ఒక చోట, వ్యాసం ఒక చోట, రాసినవారి పేరు ఒక చోట, పక్కన కనబడే తాజా వార్తల జాబితా మరొక చోట వెతకాలి. ప్లగిన్లు ఎక్కువ తగిలించిన సైటులో ఒక్క పేజీ కోసం వందసార్లకు పైగా రికార్డు రూముకు వెళ్లి రావడం వింతేమీ కాదు. అంతా కుట్టి పాఠకుడి చేతికిచ్చి, గుమాస్తా దాన్ని మరిచిపోతాడు. తర్వాతి మనిషి వచ్చి అదే పేజీ అడిగితే మళ్లీ మొదటి నుంచి మొదలు.

లెక్క వేసి చూడండి. ఐదుగురు గుమాస్తాలున్నారని, ఒక్కో పేజీకి రెండు సెకన్లు పడుతుందని అనుకుందాం. నిమిషానికి 150 పేజీలు ఇవ్వగలరు. మామూలు రోజుల్లో ఇది బోలెడు. వాట్సాప్‌లో లింకు పడ్డాక నిమిషానికి 600 మంది వస్తే? మొదటి నిమిషం ముగిసేసరికి 450 మంది వరుసలో ఉంటారు, రెండో నిమిషానికి 900 మంది. ఇక్కడే అసలు చిక్కు. పేజీ రాకపోతే మనిషి ఊరుకోడు, మళ్లీ నొక్కుతాడు. అతను వదిలేసిన పాత కోరిక వరుసలోంచి పోదు. గుమాస్తా వెళ్లిపోయిన మనిషి కోసం కూడా నకలు రాస్తూనే ఉంటాడు. ఒక్కో గుమాస్తాకు మిషనులో కొంత జ్ఞాపకశక్తి కావాలి. అది నిండిపోయినప్పుడు ముందుగా కూలేది చాలాసార్లు డేటాబేసే. అప్పుడు తెల్లటి పేజీ మీద, డేటాబేసుతో సంబంధం కుదరలేదన్న ఒక్క వాక్యం మిగులుతుంది. ఆ రాత్రి మేము పదే పదే చూసింది ఆ వాక్యాన్నే.

ఆ సాయంత్రం వచ్చినవాళ్లంతా అడిగింది ఒకే పేజీ. అందరికీ ఇవ్వాల్సింది అక్షరం తేడా లేని ఒకే కాగితం. అలాంటప్పుడు మొదటి మనిషి కోసం రాసిన నకలునే అచ్చు తీసి కౌంటరు మీద పెడితే సరిపోదా? సరిపోతుంది. దీన్నే క్యాష్ అంటారు. ఈ మాట విన్నప్పుడు మేము మొదట డబ్బు అనుకున్నాం. ఇది దాచిపెట్టిన నకలు. తయారైన పేజీని ఒక ఫైలుగా పక్కన ఉంచితే, తర్వాత వచ్చేవారికి గుమాస్తాను లేపకుండా, రికార్డు రూము తలుపు తీయకుండా ఆ ఫైలునే ఇచ్చేయవచ్చు. రెండు సెకన్ల పని సెకనులో వందో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. నిమిషానికి 150 మంది దగ్గర చతికిలబడిన చిన్న మిషనే వేలమందికి సమాధానం చెబుతుంది. వర్డ్‌ప్రెస్‌లో దీనికి డబ్ల్యూపీ సూపర్ క్యాష్, డబ్ల్యూ3 టోటల్ క్యాష్ వంటి ప్లగిన్లు ఉచితంగానే దొరుకుతాయి. ఏదో ఒకటే పెట్టండి. రెండు పెడితే బలం రెట్టింపవుతుందని మాలో ఒకరు రెండూ పెట్టారు. అవి ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్నాయి.

అన్నిటికీ నకళ్లు పనికిరావు. సభ్యులు తమ పేరుతో లోపలికి వచ్చి చూసే పేజీలు, చందా కట్టే పేజీ, వధూవరుల వివరాలు నింపే ఫారం, వీటిని నకలు పెట్టే జాబితా నుంచి తప్పించాలి. లేకపోతే ఒకరి కోసం తయారైన పేజీ ఇంకొకరికి పోతుంది. అందులో ఫోను నంబరు, పుట్టిన తేదీ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. సైటు పడిపోవడం కన్నా అది పెద్ద తప్పు.

నకలుతో ఇంకొక చిక్కు కూడా ఉంది. దాన్ని మేము అనుభవంతోనే నేర్చుకున్నాం. ఒక పెద్దాయన సంతాప సభ సాయంత్రం నాలుగింటికైతే, ఉదయం పది అని పడింది. అరగంటలో చూసుకుని సరిదిద్దాం. మా తెర మీద సరిగ్గానే కనిపించింది. కానీ మేము లోపలికి లాగిన్ అయి చూస్తున్నాం కాబట్టి మాకు కొత్తది కనబడింది, బయటివాళ్లకు పాత నకలే పోతోంది. మరునాడు ఉదయం పదింటికి పదిమంది వచ్చి, తాళం వేసి ఉన్న హాలు ముందు నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన డెంకణికోట నుంచి బస్సులో వచ్చారు. అప్పటి నుంచి మాకు ఒక నియమం. ఏదైనా దిద్దితే పాత నకలు చెరిపేసే బొత్తాం నొక్కాలి, తర్వాత లాగిన్ కాని వేరే ఫోనులో తెరిచి చూడాలి. దిద్దినవారే చూస్తే చాలదు, ఇంకొకరు చూడాలి.

ఈ నకలు వ్యవహారంలో పెద్దవాళ్లు కూడా దెబ్బ తిన్నారని తెలిసి మాకు కాస్త ఊరట కలిగింది. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఒక్కసారిగా వికీపీడియాలో ఆయన పేజీ తెరిచింది. వికీపీడియాకు నకళ్లు కొత్త కాదు. లాగిన్ కాని పాఠకులకు వాళ్లు ఇచ్చేవి ఎక్కువగా నకళ్లే. మరి ఎందుకు తడబడింది? చదివేవాళ్లతో పాటు దిద్దేవాళ్లు కూడా ఎగబడ్డారు. ఎవరో ఒక వాక్యం మార్చగానే పాత నకలు చెల్లదు. ఆ క్షణంలో వచ్చినవాళ్లందరి కోసం సర్వర్లన్నీ అదే పేజీని ఎవరికి వారు కొత్తగా తయారు చేయడం మొదలుపెట్టాయి. అది పొడుగాటి పేజీ, తయారీకి చాలా సమయం పడుతుంది. ఒకటి తయారయ్యేలోపే ఇంకొక దిద్దుబాటు. పనిచేసేవాళ్లంతా ఒకే ఫైలు మీద పడి, మిగతా ఆఫీసు ఆగిపోయింది.

తర్వాత వాళ్లు పూల్‌కౌంటర్ అనే ఏర్పాటు చేసుకున్నారు. దానిలోని ఆలోచన ఏ హెడ్ గుమాస్తాకైనా తోచేదే. ఒక పేజీని కొత్తగా తయారు చేసే పని ఒక్కరికే అప్పగించాలి. మిగతావాళ్లు అతను ముగించేదాకా ఆగాలి, లేదా ఈలోగా పాత నకలే ఇచ్చి పంపాలి. రెండు నిమిషాల పాత వార్త చేతికి అందడం, అసలేమీ అందకపోవడం కన్నా మేలే కదా. ఇప్పుడు మంచి క్యాష్ ప్లగిన్లలో కూడా, కొత్తది తయారయ్యేదాకా పాతదే చూపించే వీలు ఉంటుంది. దాన్ని ఆన్ చేసి ఉంచండి. మేమైతే రద్దీ గంటల్లో అక్షరదోషాలు దిద్దడమే మానేశాం. మా ప్రూఫులు చూసే మాస్టారికి ఇది ఎంత కష్టమో మాకు తెలుసు.

ఇక "ఈ పేజీని ఇంతమంది చూశారు" అనే అంకె గురించి. మా సైటులో ప్రతి వ్యాసం కింద అది ఉండేది. ఎవరైనా పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేసులోకి వెళ్లి ఆ అంకెను ఒకటి పెంచి రాయాలి. చదవడం కన్నా రాయడం బరువైన పని. రిజిస్టరు ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఇంకొకరు అదే వరుసలో రాయలేరు. బయట నకళ్లు పంచుతూ, లోపల ప్రతి మనిషికీ రిజిస్టరులో గీత గీస్తే ఏం లాభం? తీసేశాం. కవితలు రాసే మా సీనియరు సభ్యులు ఒకరు నొచ్చుకున్నారు. తన కవిత ఎంతమంది చదివారో ఆయన రోజూ చూసుకునేవారట. ఇప్పుడు నెలకొకసారి సర్వరు లాగు నుంచి లెక్క తీసి ఆయనకు కాగితం మీద ఇస్తున్నాం.

నకలు ఉన్నా అక్కరకు రాని సందర్భం ఇంకొకటి ఉంది. సర్వరు నకలును గుర్తుపట్టేది లింకును బట్టి. ఫేస్‌బుక్‌లో నొక్కి వచ్చేవారి లింకుకు చివర ఒక పొడుగాటి తోక తగులుతుంది. అది ఒక్కొక్కరికీ వేరు. తోక వేరైతే పేజీ కూడా వేరనుకుని గుమాస్తాను లేపే సర్వర్లున్నాయి. క్యాష్ సెట్టింగుల్లో ఆ తోకను పట్టించుకోవద్దని చెప్పాలి. చాలా ప్లగిన్లు తమంతట తామే చేస్తాయి, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక్కడి నుంచి చెప్పేవి తెలుగు సైట్లకు ప్రత్యేకం. ఇంగ్లీషులో ఉన్న సలహా పుస్తకాల్లో ఇవి కనబడవు.

మొదటిది, వార్తను బొమ్మగా పెట్టడం. మన సంఘాల్లో కరపత్రం ఇప్పటికీ డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో తయారవుతుంది. దాన్ని సైటులో అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి కాబట్టి, ఫొటో తీసి బొమ్మగా పెట్టేస్తాం. మేమూ ఏళ్ల తరబడి చేశాం. లెక్క చూడండి. యూనికోడ్ తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు ముక్కలు, 18 బైట్లు. ఇంగ్లీషుకు ముక్కకు ఒక్క బైటే. ఇది విని తెలుగు బరువనుకోవద్దు. కరపత్రంలో రెండు వేల ముక్కలుంటే మొత్తం ఆరు కేబీ. పైగా తెలుగు ముక్కలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. అందుకే సర్వరు దాన్ని కుదించి పంపినప్పుడు సగం కన్నా బాగా తక్కువకు వస్తుంది. సర్వరులో ఆ కుదింపు ఆన్ అయి ఉండాలి, అంతే. అదే కరపత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి పెడితే రెండు ఎంబీ. వెయ్యి మంది తెరిస్తే బొమ్మకు రెండు జీబీ, అక్షరాలకు ఆరు ఎంబీ. బొమ్మలోని మాటలు వెతికితే దొరకవు, చూపులేనివారికి ఫోను చదివి వినిపించదు. అను నుంచి యూనికోడుకు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోండి.

ఫొటోలు ఎలాగూ తప్పవు. ఉగాది మర్నాడు నలభై ఫొటోలు రావాల్సిందే, లేకపోతే మహిళా విభాగం ఊరుకోదు. ఫోను నుంచి వచ్చిన నాలుగు ఎంబీల ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గిస్తే తెర మీద తేడా కనబడదు, బరువు మాత్రం చాలా తగ్గుతుంది. వర్డ్‌ప్రెస్ 2021 నుంచి వెబ్‌పీ రకం బొమ్మలను తీసుకుంటోంది, అవి ఇంకా తేలిక. కింది ఫొటోలు పాఠకుడు అక్కడి దాకా వచ్చాకే దిగే ఏర్పాటు 2020 నుంచే దానిలో ఉంది.

రెండోది లింకు. శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ లింకును కూడా తెలుగులోనే తయారు చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ లోపల ఒక్కో తెలుగు ముక్కను శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులుగా రాసుకుంటుంది. లింకు కోసం డేటాబేసులో ఉన్న గడి 200 గుర్తులదే. అంటే 22 ముక్కలు దాటితే కోత. "ఉగాది కవి సమ్మేళనం ఆహ్వానం" అని పెట్టి చూడండి, లింకు "ఆహ్వా" దగ్గర తెగిపోతుంది. అలాగే మొదలయ్యే శీర్షిక మరుసటి ఏడాది పెడితే, రెండో దానికి చివర 2 అనే అంకె తగులుతుంది. ఏది ఏ ఏడాదిదో లింకు చూసి చెప్పలేం. వాట్సాప్‌లో పంపితే ఒక్కోసారి తెలుగు బదులు శాతం గుర్తుల దండ వస్తుంది, అది చూసి మోసపు లింకు అనుకుని నొక్కనివాళ్లున్నారు. శీర్షిక తెలుగులోనే ఉంచి, లింకు మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఏడాదితో సహా చేత్తో రాయండి. తెలుగు మీద ప్రేమ తక్కువై చెప్పడం లేదు. మాకూ మొదట మనసొప్పలేదు.

మూడోది ఫాంట్లు. తెలుగు ఫాంటులో ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిసి వందల ఆకారాలుంటాయి కాబట్టి ఫైలు ఒక్కోటి వంద కేబీ దాటడం మామూలే. మా థీము శీర్షికకు ఒకటి, వ్యాసానికి ఒకటి, లావు అక్షరాలకు ఇంకొకటి దింపుకునేది. ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. వ్యాసానికి దాన్నే వాడుకోమని చెప్పి, శీర్షికలకు మాత్రం ఒక ఫాంటు ఉంచుకున్నాం.

రద్దీ అంటే ఒక సాయంత్రం వచ్చే జనమే కాదు, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే రాతల గుట్ట కూడా. వర్డ్‌ప్రెస్‌లో వెతికే గడి నింపితే, అది మొదటి వ్యాసం నుంచి చివరి వ్యాసం దాకా ప్రతిదీ తెరిచి చూస్తుంది. సూచిక చూసుకుని తిన్నగా వెళ్లే పద్ధతి కాదు. వంద వ్యాసాలప్పుడు తెలియదు, ఐదువేలప్పుడు తెలుస్తుంది. దానిలో తెలుగుకు ఒక మేలు కూడా ఉంది. "హోసూరు" అని వెతికితే "హోసూరులో", "హోసూరుకు" అన్నవి కూడా దొరుకుతాయి. విభక్తులు మాటకు అతుక్కునే మన భాషలో ఇది చిన్న విషయం కాదు. సూచికతో పనిచేసే వేగమైన పద్ధతికి మారేటప్పుడు ఆ మేలు పోకుండా చూసుకోవాలి. మేము మారలేదు. రద్దీ గంటల్లో వెతికే గడిని దాచేస్తాం.

గుట్టలో అనవసరమైనది కూడా పోగవుతుంది. వ్యాసాన్ని సేవ్ చేసిన ప్రతిసారీ పాత ప్రతి ఒకటి మిగులుతుంది. మా మాస్టారు ఒక్కో వ్యాసాన్ని నలభై సార్లు సేవ్ చేసేవారు, నలభై ప్రతులు. ఎన్ని ప్రతులు ఉంచాలో సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. మేము ఐదు పెట్టాం. వాడని ప్లగిన్లు తీసేశాం. లాగు తెరిచి చూస్తే, తలుపు తట్టేవాళ్లలో మనుషులు కానివాళ్లు చాలామంది కనబడ్డారు. వెతుకులాట యంత్రాలు, రాతలు ఏరుకుపోయే యంత్రాలు, లాగిన్ పేజీలో రాత్రంతా పాస్‌వర్డులు ఊహించేవి. ఈ చివరివాటికి నకలు ఇవ్వలేం, ప్రతిసారీ గుమాస్తా లేవాల్సిందే. ఐదుసార్లు తప్పితే తలుపు మూసే ఏర్పాటు చేశాం.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు డబ్బు ఖర్చు పెట్టాలి. మొదట సీడీఎన్. అంటే మన నకళ్లను వేర్వేరు ఊళ్లలోని సర్వర్లలో ఉంచి, పాఠకుడికి దగ్గరలోని చోటు నుంచి ఇవ్వడం. వికీపీడియా కూడా 2018 నుంచి ఆసియా పాఠకుల కోసం సింగపూరులో ఇలాంటి నకళ్ల కేంద్రం నడుపుతోంది. చిన్న సైట్లకు ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు. ఆ తర్వాత డేటాబేసును వేరే మిషనుకు మార్చడం, ముందు రెండు మూడు సర్వర్లు పెట్టి వచ్చేవాళ్లను వాటి మధ్య పంచడం. ఇవి దినపత్రికల స్థాయి పనులు, సంఘాలకు ఆ అవసరం రావడం అరుదు.

పండుగకు ముందు ఒకసారి పరీక్షించుకోండి. ఇరవై మంది సభ్యులను ఒకేసారి తెరవమనడం పరీక్ష కాదు. అపాచీబెంచ్ అనే ఉచిత సాధనం ఉంది. వందమంది ఒకేసారి వచ్చినట్టు అది నటిస్తుంది. హోస్టింగువాళ్లకు ముందుగా చెప్పి, అర్ధరాత్రి దాటాక చేయండి. చెప్పకుండా చేస్తే దాడి అనుకుని సైటును ఆపేస్తారు. మొదటి పేజీ ఒక్కటే కాదు, ఒక పాత వ్యాసాన్నీ పరీక్షించండి.

తర్వాతి ఏడాది పరీక్షల ఉత్తర్వు వచ్చిన సాయంత్రం అదే చిన్న ప్లాను మీద సైటు నిలబడింది. అందులో మా తెలివేమీ లేదు. ఉత్తర్వు రాకముందే ఆ పేజీని సిద్ధం చేసి, బొమ్మ ఒక్కటి కూడా లేకుండా, పక్కన జాబితాలు లేకుండా ఉంచాం. తేలాల్సిన మూడు వాక్యాలు మాత్రం ఆ సాయంత్రం నింపాం. వాచకాలు కూడా కొన్నాం.

ఇంకొక విషయం మిగిలింది. ఇన్ని నకళ్ల గురించి చెప్పి, అసలైన నకలు గురించి చెప్పకపోతే తప్పు. మొత్తం సైటు ప్రతి ఒకటి హోస్టింగుకు బయట, మన దగ్గర ఉండాలి. మా దగ్గర ఉండేది, నెలనెలా తీసి డిస్కులో పెట్టేవాళ్లం. ఒకసారి దాన్ని వేరే మిషనులో ఎక్కించి చూద్దామని ఆ అమ్మాయే అంది. ఎక్కించాం. ఫొటోలు వచ్చాయి, తేదీలు వచ్చాయి, తెలుగు ఉండాల్సిన చోటంతా ప్రశ్నార్థకాలు వచ్చాయి. డేటాబేసును బయటికి తీసేటప్పుడు అక్షరాల పద్ధతి పాత లాటిన్ మీద ఉండిపోయిందట. మూడేళ్లుగా మేము భద్రంగా దాచుకున్నవి ప్రశ్నార్థకాలే. అసలు సైటు బతికే ఉంది కాబట్టి సరైన పద్ధతిలో మళ్లీ తీసుకున్నాం. వాటిలో, ఇప్పుడు లేని పెద్దలు తమ ఊళ్లకు తెలుగు బడులు ఎలా వచ్చాయో చెప్పిన వ్యాసాలు ఉన్నాయి. కాగితం మీద వాటికి వేరే ప్రతి లేదు.

ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ ప్రతిని ఎక్కించి, ఏదో ఒక పాత వ్యాసం తెరిచి, గట్టిగా చదివి చూస్తున్నాం. డొమైను పేరు ఎవరి ఈమెయిలు మీద ఉంది, ఏ తేదీకి కట్టాలి, ఏ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది అన్నవి ఒక బైండు రిజిస్టరులో రాసి హాలు బీరువాలో పెట్టాం. తాళంచెవి కోశాధికారి దగ్గర ఒకటి, మా దగ్గర ఒకటి.